ఏకాక్షికి జడుసుకున్నవాళ్లం

ఇప్పుడొచ్చే హారర్ కామిక్కుల్లో దెయ్యాలకు ఊరు లేదు. నా గొడవంతా అదే. మా ఇళ్లలో పిల్లలు తెచ్చి చూపిస్తారు, నేనూ కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా శ్రద్ధగానే చూస్తాను. తెల్ల గౌను, మొహం మీద పడ్డ జుట్టు, రక్తం కారే కళ్లు. అర్ధరాత్రి ఓ అమ్మాయి బాత్రూంలో అద్దం ముందు నిలబడితే వెనక ఆ ఆకారం. కథ జరిగేది కొండ మీద బంగళాలో, చుట్టూ పొగమంచు. పరుచూరు, ఇంకొల్లు, చిలకలూరిపేట, నాదెండ్ల, ఈ చుట్టుపక్కల ఎక్కడుందయ్యా కొండ మీద బంగళా? మనకున్నవి నల్లరేగడి చేలు, మిరప కల్లాలు, పత్తి గోదాములు, డొంకలు, చెరువు గట్లు. ఈ నేల మీద పుట్టి పెరిగిన కుర్రాడు బొమ్మ వేస్తే ఒక్క డొంక కనపడదు, ఒక్క తుమ్మచెట్టు కనపడదు.

ముసలాయన సణుగుడనుకున్నా సరే, చెప్పి తీరతాను. ఎందుకంటే, దేశంలో ఎన్ని భాషల పిల్లల్నో జడిపించిన మనిషి మా వైపు నుంచే పోయాడు. పెదగంజాం ఆయనది. చీరాల నుంచి ఒంగోలు వెళ్లే దారిలో, సముద్రం పక్కన, చినగంజాం ఉప్పు కొఠారులకు దగ్గరలో ఉన్న ఊరు. ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం. ఈ పేరు చెబితే గుంటూరులో కాలేజీ కుర్రాళ్లు మొహాలు చూసుకుంటారు. కాలేజీ కుర్రాళ్ల దాకా ఎందుకు, మా తరంలోనూ చాలామందికి తెలియదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా రోజుల్లో భయం కల్లంలో పుట్టేది. మిరపకాయలు కోసి తెచ్చి ఆరబోస్తే రెండు వారాలైనా ఎండాలి. పగలు తిరగెయ్యాలి, సాయంత్రం కుప్ప చేసి మంచు పడకుండా కప్పాలి, తెల్లారి ఎండెక్కాక మళ్లీ పరవాలి. తాలుకాయలు ఏరేది ఆడవాళ్లు. రాత్రి కాపలా మగవాళ్లది, వద్దన్నా వాళ్ల వెంటపడి పోయే పిల్లలది. ఘాటుకు ముక్కు మండుతుంటే గోనెపట్టా మీద పడుకుని చూస్తుండేవాళ్లం. దూరంగా డొంక మీద ఓ నిప్పు కనపడేది. కాసేపు కదిలేది, కాసేపు ఆగేది. బీడీ ముట్టించుకున్న మనిషో, చేనికి నీళ్లు కట్టడానికి లాంతరు పట్టుకుని పోతున్నవాడో అయి ఉంటాడని ఇప్పుడు నాకూ తెలుసు. అప్పుడు మాత్రం అది కొరివి దెయ్యం. కాపలా తాత లేచి కూర్చుని, గొంతు తగ్గించి, అది ఏ చింతచెట్టు దగ్గర నుంచి బయల్దేరిందో, ఎవరి చేను దాటిందో, ఇప్పుడు ఎవరి గట్టెక్కిందో పేర్లతో సహా చెప్పేవాడు. ఆ పేర్ల వల్లే ఒళ్లు జలదరించేది. ఫలానా వాళ్ల గట్టంటే మా కల్లానికి రెండు చేలవతల.

అదే కల్లంలో, అదే లాంతరు వెలుతురులో చందమామ చదివేవాళ్లు. నెల మొదట్లో పుస్తకం వస్తే ముందు మా పిన్ని చేతికి పోయేది, తర్వాత మాకు, తర్వాత కల్లంలో చదువు రానివాళ్లకు వినిపించడానికి. చదివే వంతు మా బాబాయిది. ఆయన సీరియల్ పేజీలు ఆఖరుకి అట్టిపెట్టేవాడు. కూలికి వచ్చినవాళ్లు, అరక దున్నేవాళ్లు, మాలాంటి పిల్లలు అందరూ లాంతరు చుట్టూ చేరాక అప్పుడు తీసేవాడు. బొమ్మ ఉన్న పేజీ వచ్చినప్పుడు పుస్తకం తిప్పి అందరికీ చూపించి, మళ్లీ తన వైపు తిప్పుకుని చదివేవాడు. మీసాలు నెరిసిన రైతులు కూడా ఆ బొమ్మ చూడటానికి ముందుకు వంగేవాళ్లు.

నేను బడికి పోకముందే వచ్చిన సీరియల్ ‘తోకచుక్క’. 1954లో మొదలైంది. దాన్ని మా పిన్ని నెలనెలా పేజీలు జాగ్రత్తగా విప్పి, సూదీ దారంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించి దాచింది. ఆ కుట్టిన పుస్తకంలోనే చదివాను. కుండలినీ ద్వీపం, దాని సేనాని సమరసేనుడు, అతను ఓడల మీద బయల్దేరి చేరే మంత్రాల దీవి. అక్కడ ఇద్దరు మాంత్రికులు. ఒకడు ఏకాక్షి, ఒంటికన్నువాడు. వాడి శత్రువు చతుర్నేత్రుడు, నాలుగు కళ్లవాడు. ఏకాక్షి వెంట కాలభుజంగం, కంకాళం. చతుర్నేత్రుడి వెంట ఉలూకం, నరవానరం. అడవిలో గుడ్లగూబ కూతతో మాంత్రికుడి రాక తెలిసేది. ఆ సీరియల్ చదివిన నెలల్లో మా ఊరి చింతతోపులో గుడ్లగూబ అరిస్తే మేం దొడ్లోకి వెళ్లడం మానేశాం. మా అమ్మ తిట్టినా వెళ్లలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ భయం ఎలా పుట్టిందో తెలుస్తుంది. బొమ్మ వేసింది చిత్ర. అసలు పేరు టి.వి. రాఘవన్, తమిళుడు. సన్నటి గీతలతో కిరీటాలు, కత్తులు, రాళ్లు, చెట్ల వేళ్లు, రాక్షసుల చర్మం మీద ముడతలు అన్నీ వేసేవారు. దాదాపు ప్రతి పేజీలోనూ ఒక బొమ్మ ఉండేది. ఆ బొమ్మ కథలో ఒక్క క్షణాన్ని పట్టి చూపించేది, మిగతాదంతా అక్షరాల్లో ఉండేది. రాక్షసుడు చెయ్యెత్తడం బొమ్మలో కనిపించేది. ఆ చెయ్యి కిందికి దిగిందో లేదో చదివి తెలుసుకోవాలి. ఒక్కోసారి అక్కడితోనే ఆ నెల భాగం అయిపోయేది. ఆ ఎత్తిన చెయ్యి నెల రోజులు మా ఇంట్లో ఉండేది. పొలానికి పోతే వచ్చేది, లెక్కలు చేస్తుంటే వచ్చేది, రాత్రి దుప్పటి లోపలికీ వచ్చేది. ఇవాళ్టి పుస్తకంలో చెయ్యి ఎత్తడం ఒక గడి, దించడం ఒక గడి, తల ఎగిరిపడటం మూడో గడి, రక్తం నాలుగో గడి. పేజీ తిప్పేసరికి అన్నీ అయిపోతాయి. చదివే పిల్లాడికి చెయ్యడానికి పనేం మిగిల్చారు?

ఇక ఆ మనిషి సంగతి. దాసరి సుబ్రహ్మణ్యం 1932 అక్టోబరులో పుట్టారు. ఆయన పుట్టినప్పుడు పెదగంజాం గుంటూరు జిల్లాలో ఉండేది, తర్వాత ప్రకాశం జిల్లాలోకి పోయింది, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఇరవై ఏళ్లకు, 1952లో, మద్రాసు వెళ్లి చందమామలో చేరారు. ‘తోకచుక్క’ మొదలుపెట్టేనాటికి ఆయనకు నిండా ఇరవై రెండు లేవు. తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూకమాంత్రికుడు. మొత్తం 12 సీరియళ్లు, ఓ పాతికేళ్ల పాటు. 2006 దాకా చందమామలోనే ఉన్నారు. యాభై ఏళ్లు దాటిన కొలువు. 2010 జనవరిలో విజయవాడలో పోయారు.

ఆ ఆఫీసులో మా జిల్లావాళ్లు ఇంకా ఉన్నారు. చందమామను 1947 జూలైలో బి. నాగిరెడ్డితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. మద్రాసు వడపళనిలో కూర్చుని తెనాలివాళ్లూ పెదగంజాంవాడూ తమిళ చిత్రకారులతో కలిసి పిల్లలకు రాక్షసుల్ని తయారుచేశారు. ఆ కథలే తమిళంలో అంబులిమామ, మరాఠీలో చాందోబా, ఒరియాలో జన్హమాము, మలయాళంలో అంబిలి అమ్మావన్ అయి, పిల్లలున్న ప్రతి చోటికీ పోయాయి. ఉప్పు కొఠారుల పక్క ఊరివాడు ఊహించిన ఒంటికన్ను మాంత్రికుణ్ణి చూసి పూనాలో ఓ పిల్లాడు దుప్పటి ముసుగేసుకున్నాడు.

ఇందులో నాకు ఎప్పుడూ గొప్పగా అనిపించేది ఇంకొకటుంది. దాసరి నాస్తికుడు. కుటుంబరావు మార్క్సిస్టు. ఈ ఇద్దరి చేతి మీదుగానే తెలుగు పిల్లలకు మాంత్రికులూ బేతాళుడూ వచ్చారు. దెయ్యాన్ని నమ్మేవాడికి దాని పేరు చెబితే చాలు, ఎదుటివాడు భయపడిపోతాడనుకుంటాడు. నమ్మనివాడికి ఆ ధీమా లేదు. భయం ఎక్కడ మొదలుకావాలి, ఎంతసేపు నిలవాలి, ఎక్కడ ఆపాలి అన్నది వాడు కూర్చుని కట్టుకోవాలి. దాసరి సీరియళ్లలో ఎంత భయంకరమైన రాక్షసుడికైనా ఒక బలహీనత ఉంటుంది, దాన్ని బుద్ధితో కనిపెట్టే మనిషి ఒకడుంటాడు. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి; ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’లలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఎక్కువగా జంటలే. ఒకడు జడుసుకున్నప్పుడు రెండోవాడు ధైర్యం చెబుతాడు. కల్లంలో పక్కపక్కన పడుకున్న అన్నదమ్ములకు అది ఎంత ఆసరాగా ఉండేదో చెప్పలేను.

బేతాళ కథలు 1955లో మొదలయ్యాయి. శవాన్ని భుజాన వేసుకుని, కత్తి దూసి శ్మశానంలో నడుస్తున్న విక్రమార్కుడి బొమ్మ శంకర్‌ది. కె.సి. శివశంకరన్ అసలు పేరు. పాత పుస్తకాల్లోని బేతాళ కథలు 25. చందమామలో అవి అయిపోయాక కొత్తవి కడుతూ కొన్ని దశాబ్దాలు నడిపారు. ఆ బొమ్మ ప్రతి నెలా చూశాం. చూసిన బొమ్మే మళ్లీ చూసినా భయం తగ్గలేదు. విక్రమార్కుడి మొహంలో భయం లేదు కాబట్టి అదంతా మాకు మిగిలింది. శంకర్ 2020లో తొంభై ఆరేళ్ల వయసులో పోయారు. పద్మశ్రీ ఆ మరుసటి ఏడు, పోయాక ఇచ్చారు. తొంభై ఆరేళ్లు బతికిన మనిషికి బతికుండగా ఇవ్వడానికి మన దేశానికి తీరిక దొరకలేదు.

‘తోకచుక్క’ మొదలైన 1954లోనే అమెరికాలో హారర్ కామిక్కుల మీద పెద్ద రభస జరిగింది. అక్కడ ఇ.సి. అనే కంపెనీ ‘టేల్స్ ఫ్రం ది క్రిప్ట్’ లాంటి పుస్తకాలు వేసి పిల్లల్ని ఊపేస్తోంది. వాటివల్ల పిల్లలు నేరస్తులవుతున్నారని ఫ్రెడరిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు పుస్తకం రాశాడు. సెనేట్ కమిటీ విచారణ పెట్టింది. కంపెనీ అధిపతి విలియం గెయిన్స్ వెళ్లి సాక్ష్యం చెప్పాడు. ఆ ఏడాదే ప్రచురణకర్తలంతా కలిసి కామిక్స్ కోడ్ పెట్టుకున్నారు. పేరులో హారర్ అన్న మాట ఉండకూడదన్నారు, పిశాచాలూ నడిచే శవాలూ కూడదన్నారు. ఇ.సి. హారర్ పుస్తకాలు మూతపడ్డాయి. అక్కడ నడిచే శవాన్ని నిషేధించిన మరుసటి ఏడు ఇక్కడ మాట్లాడే శవం రాజు భుజమెక్కి పిల్లల ఇళ్లలోకి వచ్చింది. మా పెద్దవాళ్లు ఏమీ అనలేదు. వాళ్లూ చదివారు. మా తాతయ్య పొద్దున రామాయణం చదివి మధ్యాహ్నం బేతాళ కథ చదివేవాడు. ఆ కథ చివర ప్రశ్నకు తను ముందే జవాబు చెప్పి, సరిపోయిందో లేదో పేజీ తిప్పి చూసుకునేవాడు. భయానికి చివర ఒక న్యాయం ప్రశ్న పెట్టాలని ఆ ఇ.సి. కంపెనీవాళ్లకు తట్టి ఉంటే వాళ్ల పుస్తకాలు ఇంకొంతకాలం బతికేవేమో.

మా రోజులు బంగారం అంటాను, కానీ ఒక అన్యాయం మాత్రం మా రోజులదే. దాసరి సీరియళ్ల మీద దాసరి పేరు ఉండేది కాదు. సీరియల్ పేరుండేది, బొమ్మలుండేవి, రాసిందెవరో ఉండేది కాదు. విజయబాపినీడు 1971లో పెట్టిన ‘బొమ్మరిల్లు’లో ఆయన రాసిన ‘మృత్యులోయ’ కూడా పేరు లేకుండానే వచ్చింది. బొమ్మ కింద ‘చిత్ర’ అని, ‘శంకర్’ అని సంతకం కనిపించేది. రాసినాయనకు ఆ పాటి కూడా దక్కలేదు. పాతికేళ్లు మేం ఆయన్ని చదివాం, కుట్టుకుని దాచుకున్నాం, పిల్లలకు చెప్పాం. ఆ మనిషిది మా ఊరికి బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఊరని మాకు తెలిసేసరికి ఆయనకు డెబ్భై దాటాయి. పత్రిక పద్ధతి అది అన్నారు. పద్ధతి అయితే కావచ్చు. జీతం సరిగ్గా ఇచ్చారు, పేజీ ఇచ్చారు, పక్కన చిత్ర లాంటి చిత్రకారుణ్ణి ఇచ్చారు, ఒప్పుకుంటాను. పేరు ఇస్తే ఏం పోయేది?

ఈ తగువు అమెరికాలోనూ ఉండేది. అక్కడ కంపెనీ బొమ్మను కంపెనీ ఉంచుకునేది, వేసినవాడికి కూలి దక్కేది. తిరగబడ్డవాళ్లు తిరగబడ్డారు. మైక్ మిన్యోలా 1994లో ‘హెల్‌బాయ్’ మొదలుపెట్టినప్పుడు డార్క్ హార్స్ కంపెనీ అచ్చు వేసింది, హక్కు మాత్రం ఆయన దగ్గరే ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ ఎర్ర రాక్షసుడి మీద బతికాడు, నలుగుర్నీ బతికించాడు. స్వతంత్రంగా హారర్ కామిక్ వేసుకుని బతకడం అంటే అది. మన దగ్గర కథ తనే రాసుకుని బొమ్మ తనే వేసుకున్న పెద్దల్లో బుజ్జాయి గారున్నారు, దేవులపల్లి కృష్ణశాస్త్రి కొడుకు. ‘డుంబు’ ఆయనదే. ఇంగ్లిష్ వారపత్రికలో పంచతంత్రం బొమ్మల కథగా ఏళ్ల తరబడి వేశారు. ఆయనది పిల్లల నవ్వు దారి. భయం దారిలో తన పేరు అట్ట మీద వేసుకుని, తన కాళ్ల మీద నిలబడినవాడు తెలుగులో నాకు కనపడలేదు.

ఆ తర్వాత కాలం మారింది. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి ‘తులసిదళం’ వచ్చేసరికి దెయ్యం పెద్దవాళ్ల చేతికి పోయింది, బస్తీ ఎక్కింది. వారం వారం జనం ఎగబడి చదివారు, మా ఇంట్లోనూ చదివారు. అందులో నేర్పు ఉంది, కాదనను. కానీ పిల్లలకు పేజీ తగ్గిపోవడం అప్పుడే మొదలైంది. ఇంగ్లిష్ మీడియం బళ్లొచ్చాయి, టీవీ వచ్చింది. చిత్ర 1978లో పోయారు. దాసరి ఆఫీసులో ఉన్నా కొత్త సీరియల్ రాలేదు, పాతవే మళ్లీ వేశారు. 1998లో చందమామ కొన్నాళ్లు ఆగింది. మళ్లీ లేచింది. 2007లో ముంబయి కంపెనీ చేతికి పోయింది. 2013 నాటికి అచ్చే లేదు. బాలమిత్ర, బొమ్మరిల్లు, బుజ్జాయి పత్రికలన్నీ పోయాయి. గుంటూరు బస్టాండులో పుస్తకాల కొట్టు ముందు పిల్లల పత్రికలు తాడుకు వేలాడుతుండేవి. ఇప్పుడక్కడ చిప్స్ పొట్లాలు వేలాడుతున్నాయి.

ఈ మధ్య మా చెల్లెలి మనవడొచ్చాడు. చిలకలూరిపేట కుర్రాడు, హైదరాబాదులో యానిమేషన్ స్టూడియోలో పని. పగలు ఎవరో విదేశీ కంపెనీ బొమ్మకు రంగులేస్తాడు, రాత్రి తన హారర్ కామిక్ వేసుకుంటాడు. జీతంలోంచి డబ్బు తీసి అచ్చు వేయించి, కామిక్ కాన్‌లో టేబుల్ అద్దెకు తీసుకుని అమ్ముకున్నాడు. కొన్ని కాపీలు పోయాయి, మిగతావి అట్టపెట్టెలో మంచం కింద ఉన్నాయి. కాగితం ఎంతో బాగుంది. మా చిత్ర గారికి అలాంటి కాగితం ఎప్పుడూ దొరకలేదు. కుర్రాడి చెయ్యి కూడా మంచిది. చీకటి ఎలా వేయాలో వాడికి తెలుసు. గది మూల నల్లగా వదిలేసి అక్కడేముందో చూడమని లాగుతాడు. అంత చేతనైనవాడు కథ మాత్రం ఇంగ్లిష్‌లో రాశాడు, బంగళాలో పెట్టాడు, దెయ్యానికి జపాను జుట్టు వేశాడు.

“ఇదేంట్రా, మన వైపు దెయ్యం ఒక్కటీ తట్టలేదా?” అన్నాను.

“తెలుగులో వేస్తే ఎవరు కొంటారు తాతయ్యా?” అన్నాడు.

వాడి ప్రశ్న తప్పని అనలేను. తెలుగులో వేస్తే అమ్మే కొట్టు లేదు, పరిచయం చేసే పత్రిక లేదు, ఇరవై ఏళ్ల లోపువాళ్లలో గడగడా తెలుగు చదవగలిగేవాళ్లు ఎంతమందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. దాసరికి పేరు లేదు కానీ కూర్చోడానికి కుర్చీ, నెలకు జీతం, లక్షల మంది పాఠకులు ఉన్నారు. వీడికి పేరు అట్ట మీద మెరుస్తోంది, కింద నేల లేదు. రెండూ ఒకచోట ఉండే కాలం మనకు రానే లేదు.

అయినా దెయ్యం సంగతిలో మాత్రం నేను ఒప్పుకోలేదు. వాడికి ఆదర్శం జపాను జుంజీ ఇటో. నాకు ఆ పుస్తకాలు ఇచ్చింది వాడే, చదివాను. దంతాల టెక్నీషియన్‌గా పనిచేస్తూ 1987లో ‘తోమియే’తో మొదలుపెట్టిన మనిషి. ఆయన ‘ఉజుమాకి’ మొత్తం ఒక చిన్న సముద్రపు ఊరి కథ. సుడి ఆకారం ఒక ఊరిని పట్టుకుంటుంది. ఆ ఊరి పొగ, ఆ ఊరి కుమ్మరి మట్టి, ఆ ఊరి దీపస్తంభం, ఒక్కొక్కటీ సుడి తిరుగుతాయి. చదివాక నాకు ఆ ఊరి వీధులు తెలిసినట్టే అనిపించింది. మన పిల్లలు ఇటో దగ్గర జుట్టు తీసుకున్నారు, ఊరు వదిలేశారు. అసలు పట్టుకోవాల్సింది ఊరు.

నా కోపమంతా ఇక్కడే. మన నేల మీద భయం తక్కువా? 1987లో తెల్లదోమ పత్తిని ఎలా తినేసిందో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ముసలివాళ్లనెవర్నడిగినా చెబుతారు. మందు మీద మందు కొట్టారు, దోమ పోలేదు. చేను నల్లబడింది, అప్పు మిగిలింది. ఆ పురుగుమందు తాగే మనుషులు పోయారు. మా ఊళ్లో ఒక ఇంట్లో ఆ డబ్బా చాలా ఏళ్లు అటక మీదే ఉంది. ఎవరూ తీయలేదు, ఎవరూ పారెయ్యలేదు. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు కూడా దాని చుట్టూ దులిపేవాళ్లు. నేను కళ్లారా చూశాను. దానికంటే భయంకరమైన బొమ్మ ఏ బంగళాలో దొరుకుతుంది? గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, పైకప్పు దాకా పేర్చి ఉంటాయి, మధ్యలో మనిషి పట్టేంత సందు. వేసవిలో బయట ఎండ మండిపోతుంటే లోపల చలి, చీకటి, ఘాటు. రాత్రి షిఫ్టులో ఒక్కడే లోపలికి పోవాలంటే కండబట్టిన హమాలీలు కూడా ఇద్దరు ముగ్గురు కలిసి పోతారు. కొండవీటి కోట మీద సాయంత్రం తర్వాత ఒక్కడివి కూర్చుని చూడు. ‘శిథిలాలయం’ చదివాక నేను ఆ కొండెక్కాను. ఆ రాళ్లన్నీ నాకు దాసరి రాళ్లలాగే కనిపించాయి.

ఇదంతా చెబుతుంటే మనవడు టాబ్లెట్ మీద గీతలు గీస్తూ విన్నాడు. ఇప్పుడు అది కూడా అక్కర్లేదట. ఫోనుకు నాలుగు ముక్కలు చెబితే బొమ్మ అదే వేసి పెడుతుందట. వాడి స్టూడియోలో కొందరి కొలువులు దానివల్లే పోయాయని చెప్పాడు. అలా వచ్చిన దెయ్యాల బొమ్మలు వాడు చూపిస్తే చూశాను. ప్రతి రాక్షసుడూ కండలతో నిగనిగలాడుతున్నాడు, ప్రతి అడవీ ఒకటే అడవి. చిత్ర వేసిన నరవానరం పక్కన పెట్టి చూడండి. ఆ నరవానరం ఎలా నిలబడాలో, భుజం ఎంత వంగాలో ఒక మనిషి కుర్చీలో కూర్చుని గంటల తరబడి ఆలోచించాడు. పిల్లాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. కానీ వాడు జడుసుకునేది ఆ భుజం చూసే.

అందుకని అడుగుతున్నాను. తెలుగు వారపత్రికలు, దినపత్రికల ఆదివారం పుస్తకాలు ఇంకా నడుస్తున్నాయి. వంటలకు రెండు పేజీలు, రాశిఫలాలకు రెండు పేజీలు, సినిమావాళ్ల చీరలకు నాలుగు పేజీలు ఇస్తున్నారు. ఒక్క పేజీ ఇవ్వండి ఈ కుర్రాళ్లకు. వారం వారం ఒక బొమ్మల సీరియల్, మన ఊళ్లలో జరిగేది. పేజీకి ఇంత అని డబ్బు కట్టి ఇవ్వండి, ఆలస్యం చెయ్యకుండా ఇవ్వండి. హక్కు వాళ్ల దగ్గరే ఉంచండి. ప్రతి దినపత్రికకూ గుంటూరులో, ఒంగోలులో ఆఫీసులున్నాయి, మిర్చి ధర రోజూ వేస్తారు. ఆ పక్కనే కాస్త భయం కూడా వెయ్యండి. జిల్లా గ్రంథాలయ సంస్థలు కొనే పుస్తకాల్లో దాసరి సీరియళ్లు బొమ్మలతో సహా ఉండాలి, ఈ కుర్రాళ్ల పుస్తకాలూ ఉండాలి. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికలు కాపాడుతూ వస్తోంది. పెదగంజానికి అది దూరమేమీ కాదు. అక్కడ ఒక గోడ మీద ఏకాక్షినీ చతుర్నేత్రుణ్ణీ వేయించడానికి ఎంత ఖర్చవుతుంది?

మనవడు ఉన్న నాలుగు రోజుల్లో నేను వాణ్ణి కల్లానికి తీసుకెళ్లాను, కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్లాను, అటక మీద డబ్బా ఉండే ఆ ఇంటి సంగతి చెప్పాను. వెళ్లేటప్పుడు పిన్ని కుట్టిన ‘తోకచుక్క’ అడిగాడు. ఇవ్వలేదు, ఇక్కడే కూర్చుని చూసుకోమన్నాను. చూసుకున్నాడు.

మొన్న రెండో పుస్తకం నమూనా పంపాడు. కోల్డ్ స్టోరేజీలో కథ. రాత్రి షిఫ్టు హమాలీ ఒకడు టిక్కీలు లెక్కపెడుతుంటాడు. లెక్క ప్రతిసారీ ఒకటి ఎక్కువ వస్తుంది. మాటలు తెలుగులో ఉన్నాయి, మన యాసలోనే. రెండు మూడు చోట్ల హమాలీలు అలా మాట్లాడరని దిద్ది పంపాను. దెయ్యం ఇంకా సగం పుస్తకం దాకా రాలేదు, రానక్కర్లేదన్నాను. రంగులు వేసిందీ అక్షరాలు రాసిందీ వాడితో పనిచేసే ఓ అమ్మాయి. ఆ పేరు లోపలి అట్ట అడుగున చిన్న అక్షరాల్లో పడింది. దాన్ని పైకి తెచ్చి, తన పేరు పక్కన అంతే సైజులో వెయ్యమన్నాను. వేస్తానన్నాడు. అచ్చుకు డబ్బు కూడితే దీపావళికి తెస్తాడట, ఈసారి మొదటి బేరం చిలకలూరిపేటలోనే పెడతాడట.